కుడివైపు తిరిగిన ముఖం

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రీ పొద్దున్నే కొట్టు తెరవగానే గోడమీది భార్య ఫోటో తుడిచేవాడు. ఆవిడ పోయి మూడు నెలలు. అప్పట్నుంచీ ఫోటోలో ఆవిడ ముఖం రోజుకింత కుడివైపు తిరుగుతోంది. ఫోన్లో ఉన్న అదే ఫోటోలోనూ అంతే. పోయినవాళ్ళు ఫోటోల్లో మసలడం ఆ ఊళ్ళో కొత్తేమీ కాదు. పక్కింటి తాతగారైతే ఏడాదిగా కళ్ళజోడు వెతుక్కుంటూనే ఉన్నాడు. కానీ ఇప్పుడు ఈవిడది ఒక చెంప, ఒక చెవి మాత్రమే కనిపిస్తున్నాయి. ‘నా మొహం చూడ్డం ఇష్టంలేదు కాబోలు’ అని మేస్త్రీ కుమిలిపోయాడు.

ఎలాగైనా ఆ ముఖాన్ని ఇటు తిప్పుకోవాలని కంప్యూటర్ల షాపుకి వెళ్ళాడు.

“ఫోటోలు దిద్దడం నేర్చుకోవాలమ్మా. ఏది కొనమంటావు?”

“ఎన్ని ఫోటోలు మేస్త్రీగారూ?” అంది షాపావిడ.

“ఒక్కటే.”

“ఒక్కదానికి ల్యాప్‌టాప్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమేనండీ. వందలకొద్దీ ఉంటే పెద్ద తెర, ఎక్కువ మెమరీ చూసుకోవాలి. పెన్నుతో గీసి దిద్దాలంటే ట్యాబ్. మీకు మీ చేతిలో ఉన్న ఫోనే చాలు. ఉచితంగా వచ్చే యాప్ వేసిస్తాను, చేయి తిరిగాక కావాలంటే కొందురుగాని.”

యాప్‌లో ఫోటో తెరిచి వెలుతురు ఎక్కడ పెంచాలో, రంగు ఎక్కడ మార్చాలో చూపించింది. అంతలో ఆగింది.

“దీన్ని ముందే ఎవరో కత్తిరించారే! భయం లేదు, ఫోన్లో అసలుది పోదు.”

ఏదో నొక్కింది. ఫోటో కుడివైపు తెరుచుకుంది. అక్కడ ఒక అమ్మాయి నిలబడి ఉంది. భార్య ఆ అమ్మాయినే చూస్తోంది, రెప్ప వేయకుండా.

“మీ అమ్మాయా? అచ్చం వాళ్ళమ్మ పోలికే!”

మేస్త్రీ ఫోను తీసుకుని బయటికి నడిచాడు. కత్తిరించింది అతనే. నాలుగేళ్ళ కిందట కూతురు నలుగురిలో “అమ్మని అలా కసురుకోకు నాన్నా” అంది. ఆ మాటకే గడప తొక్కొద్దన్నాడు, ఫోటోలోంచి కూడా తీసేశాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్లో ఆమె నంబరు బ్లాక్ చేశాడు. ఆఖరి రోజుల్లో భార్య “ఒక్కసారి దానితో మాట్లాడించండి” అని బతిమాలితే, “జబ్బు తగ్గనీ, చూద్దాం” అన్నాడు. తగ్గలేదు. పోయిన కబురు కూడా ఏ మొహంతో చెప్పాలో తెలియక చెప్పలేదు.

షాపు మెట్లమీద కూలబడి, బ్లాక్ తీసి, ఫోన్ చేశాడు.

“నాన్నా! నువ్వేనా?” కూతురు సంతోషంతో అరిచింది. “అమ్మ పక్కనే ఉందా? ముందు అమ్మకివ్వు నాన్నా!”

“అమ్మ లేదమ్మా.”

“బయటికెళ్ళిందా? ఎప్పుడొస్తుంది?”

అప్పుడు చెప్పాడు. అవతల ఫోను కట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు వచ్చింది. సంచి గుమ్మం బయటే వదిలి, తండ్రి చేతిలోంచి ఫోను లాక్కుని, గోడకానుకుని కూర్చుంది. ఫోటోలో తల్లి తనవైపే చూస్తోంది.

“చివర్లో ఏమంది?”

అబద్ధం చెప్పొచ్చు. కాదనేవాళ్ళెవరూ లేరు.

“నిన్నే అడిగింది. నేనే పిలవలేదు.”

కూతురు ఫోను గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దగ్గరికెళ్ళే ధైర్యం లేక మేస్త్రీ నిలబడే ఉన్నాడు. చాలాసేపటికి ఆమె లేచి, అతనికేసి చూడకుండా బయటికెళ్ళి, సంచి తెచ్చి లోపల పెట్టింది.