పాలపిట్ట ఒప్పుకున్న ఫొటో

సత్తెనపల్లిలో గుంటూరు రోడ్డు మీదున్న హయాత్ ఫొటో స్టూడియోలో శుక్రవారం పొద్దున మనుషుల పని కాస్త ఆలస్యంగా మొదలయ్యేది. ఆ వారం తీసిన పిట్టల ఫొటోలన్నీ హయాత్ వరండాలో తీగకి క్లిప్పులు పెట్టి వేలాడదీసేవాడు. పిట్టలు వచ్చి చూసుకుని, తప్పొప్పులు చెప్పి వెళ్లాకే మిగతావాళ్ల వంతు. పాస్‌పోర్ట్ ఫొటోల కోసం వచ్చినవాళ్లు పక్కనే జయరావు బడ్డీలో టీ తాగుతూ, "ఇంకా తెమల్లేదా ఆ పిట్టలు?" అని విసుక్కునేవాళ్లు.

పిట్టలకి మొహమాటం లేదు. లకుముకి పిట్ట తన ముక్కు మరీ పొడుగ్గా పడిందని గోల పెట్టేది. పసుపుపచ్చని వంగపండు పిట్ట మాత్రం ఏ ఫొటో చూసినా తలూపి పోయేది, దానికి తన అందం గురించి బెంగ లేదు. నచ్చనిదాన్ని ముక్కుతో లాగి కింద పడేసేవి. హయాత్ ఫొటో తీయడంలో దిట్టే. తెల్లవారకముందే మోపెడ్ మీద పత్తి చేలకి పోయి, మిరప కళ్లాల పక్కన కదలకుండా కూర్చునేవాడు. అతనితో చిక్కల్లా టచప్. సన్న బ్రష్షు చేతికొస్తే ఆగడు. పెళ్లికొడుకుల మొటిమలు, ముసలివాళ్ల ముడతలు, ఏవీ అతని చేతిలో బతికి బట్టకట్టేవి కావు. మనుషులు మాత్రం మురిసిపోయేవాళ్లు.

ఆ చెయ్యే అతని చెల్లెలు నస్రత్ కొంప ముంచింది. నస్రత్‌కి పెదవి చుట్టూ, ఎడమ కంటి కింద బొల్లి మచ్చలున్నాయి. కిందటేడు టీచర్ పరీక్ష దరఖాస్తుకి అన్న ప్రేమకొద్దీ ఒక్క మచ్చ కూడా లేకుండా దిద్ది ఇచ్చాడు. పరీక్ష హాల్లో సూపర్‌వైజర్ హాల్‌టికెట్టు చూసి, ఆమెని చూసి, "ఈ ఫొటోలో అమ్మాయి నువ్వు కాదు" అని బయటికి పంపేశాడు. ఈసారి కూడా తప్పిపోతే వయసు దాటిపోతుంది, మళ్లీ రాయనివ్వరు. అయినా హయాత్ మళ్లీ దిద్దాడు. కొంచెమే దిద్దానన్నాడు. నస్రత్ గట్టిగా కాదనలేకపోయింది. మచ్చలతో ఉన్న ఫొటో చూసుకోవాలంటే ఆమెకీ భయమే.

ఆ శుక్రవారం పాలపిట్ట తన ఫొటో ముందు వాలి చాలాసేపు చూసింది.

"నా రొమ్ము మీద గోధుమ రంగేదయ్యా?"

"మురికిగా కనబడుతోందని కాస్త నీలం వేశాను," అన్నాడు హయాత్.

"నీకది మురికి. నాకది రొమ్ము."

హయాత్ ముఖం చిన్నబోయింది. లోపల ప్రింట్లు కత్తిరిస్తున్న నస్రత్ ఆ మాట విని కత్తెర పక్కన పెట్టింది. దరఖాస్తుకి సిద్ధం చేసిన తన ఫొటో తెచ్చి తీగకి తగిలించింది.

"ఇది కూడా చూసి చెప్పు."

పాలపిట్ట ఒక కంటితో ఫొటోని చూసింది, తల తిప్పి ఇంకో కంటితో ఆమెని చూసింది.

"ఎవరీ పిల్ల? మన ఊరేనా?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. తర్వాత ఆ ఫొటోని లాగి కింద పడేసింది.

నస్రత్‌కి ఏడుపొచ్చింది. లోపలికి పోయి స్టూలు మీద కూర్చుని, లైటు తనే వేసుకుంది.

"తియ్యి అన్నా. ఈసారి బ్రష్షు ముట్టుకోవద్దు."

"జనం ఏమంటారోనమ్మా."

"జనం రోజూ చూస్తూనే ఉన్నారుగా. చూడంది నువ్వే."

ఆ మాట హయాత్‌కి గట్టిగానే తగిలింది. బ్రష్షు దూరంగా పెట్టి ఫొటో తీశాడు. ప్రింటు ఆరేదాకా పాలపిట్ట కరెంటు తీగ మీదే కాచుకుని ఉండి, చూడగానే తేల్చి చెప్పింది.

"మెడ కొంచెం వంచావు. మిగతాదంతా నువ్వే."

మెడ సరిచేసుకుని ఇంకోటి తీయించుకోమని జయరావు సలహా ఇచ్చాడు గానీ, నస్రత్ వినలేదు. దాన్నే అతికించి పంపింది.

పరీక్ష రోజు గుంటూరు బస్సులో దారంతా, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో వల్లె వేసుకుంది. హాల్లో ఈసారి సూపర్‌వైజర్ ఒకావిడ. నస్రత్ బెంచీ దగ్గరికి వచ్చింది. హాల్‌టికెట్టు మీద ఒక చూపు, ముఖం మీద ఒక చూపు వేసి, సంతకం పెట్టి వెనక బెంచీకి వెళ్లిపోయింది. అంతేనా అన్నట్టు నస్రత్ వెనక్కి తిరిగి చూసింది.

"ఏం కావాలమ్మా?" అంది సూపర్‌వైజర్.

"ఏం లేదండి," అని నస్రత్ ముందుకు తిరిగి, కళ్లు తుడుచుకుని, మొదటి ప్రశ్న చదవడం మొదలుపెట్టింది.