ఆయన జేబులో నెట్

"ఫైల్ సైజు ఎక్కువుందేమో, జర సూడు" అన్నాడు మా ఆయన సాంసన్, పెరుగన్నం కలుపుకుంటూ.

పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాను. బీఈడీ సర్టిఫికెట్‌ సైజు తగ్గించీ తగ్గించీ అక్షరాలు చీమల్లా అయిపోయాయి. పేరు మధ్యలో ఖాళీలుంటే తీసుకోదేమోనని ఫైల్ పేరు మార్చాను. బ్రౌజర్ మార్చాను, హిస్టరీ చెరిపాను. అయినా నీలి గీత సగం దాకా పాకి ఆగిపోతుంది. తర్వాత ఎర్ర అక్షరాల్లో ‘అప్‌లోడ్ విఫలం’. ఈ సాయంత్రం ఐదింటికే గడువు. మిర్యాలగూడలో ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో టీచరు పోస్టు, అక్కడే ఉండాలి.

"ఆణ్ణే ఉంటే ఈడ వంటెవరు సేస్తరే?" అని మొన్ననే అడిగింది మా అత్తమ్మ ఉప్పలమ్మ. నా ఫోన్ ఎప్పుడూ ఆవిడ చేతిలోనే. ప్రార్థన కూటాలు చూసేసరికి నా రోజు డేటా మధ్యాహ్నానికే ఖతం. దేవుడి మాట వినే మనిషిని వద్దంటే పాపం నాకే చుట్టుకుంటుందని నోరు మూసుకుంటాను. అందుకే ల్యాప్‌టాప్‌కు సాంసన్ ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

సాంసన్ గరిడేపల్లి దగ్గర సర్కారు బడిలో పంతులు. బడి పిల్లల మధ్యాహ్న భోజనం ఫొటోలు రోజూ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి ఎక్కించేది మాత్రం నేను. అప్పుడు తన ఫోన్ ల్యాప్‌టాప్ పక్కనే పెట్టి, "కదలకు, నెట్ పోతది" అని నన్ను కూర్చోబెడతాడు. పొయ్యి మీద పాలు పొంగినా లేవనివ్వడు.

మళ్లీ నొక్కాను. గీత పాకుతోంది. సాంసన్ చెయ్యి కడుక్కుని, ఫోన్ జేబులో వేసుకుని, "చాయ్ తాగొస్త" అంటూ చెప్పులు తొడుక్కున్నాడు. గేటు చప్పుడైంది. కాసేపటికి గీత ఆగిపోయింది.

అప్పటిదాకా ఫైల్‌ను తిట్టాను, బ్రౌజర్‌ను తిట్టాను, నా చదువునూ తిట్టుకున్నాను. ఇందాక ఆగినప్పుడు ఆయన బండి కడగడానికి వీధిలోకి పోయాడు. అంతకుముందు ఫోన్ మాట్లాడుతూ డాబా ఎక్కాడు. కావాలని చేశాడా? లేదు. ఇంట్లో నా పని ఒకటి నడుస్తోందన్న సంగతే ఆయనకు గుర్తులేదు. కావాలని చేసి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

కళ్లు తుడుచుకుని, తెరిచిన ల్యాప్‌టాప్‌ను అట్లాగే రెండు చేతుల్లో పట్టుకుని వీధిలోకి నడిచాను. కోదాడలో మా వీధి వీధంతా చూసింది. చాయ్ హోటల్ బెంచీ మీద, ఆయన స్నేహితుల పక్కనే కూర్చుని మళ్లీ నొక్కాను.

"ఏందిది ఉషా? ఇజ్జత్ తీస్తున్నవ్. ఇంటికి పో, నేనొస్త" అంటూ లేవబోయాడు.

"కదలకండి. నెట్ పోతది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం నల్లబడింది. అందరూ చూస్తుంటే ఏం చేయలేక కూర్చుండిపోయాడు. గ్లాసులో చాయ్ మీగడ కట్టింది. గీత చివరిదాకా పోయి పచ్చగా టిక్కు పడింది.

"అయింది గదా, ఇగ పా. సోమవారం బడి ఫొటోలుంటయ్."

ల్యాప్‌టాప్ మూశాను. ఫైల్ వెళ్లిపోయింది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, ఇక వెళ్లాల్సింది నేను.