సెంటర్ ఫార్వర్డ్ తోలు సంచి

నేను ఒక తోలు సంచిని. బూట్లు, తువ్వాలు, సబ్బు, మోకాలికి చుట్టుకునే పట్టీ మోయడానికే పుట్టాను. ఇంగ్లండు ఉత్తరాన మెల్‌డెన్ అనే ఊళ్లో హెరాల్డ్ బార్డ్స్‌లీ అనే ఆయన గుర్రాలకు జీనులు కుట్టేవాడు. వీధుల్లోంచి గుర్రాలు పోయి లారీలు వచ్చాక ఆయనకు పని తగ్గిపోయింది. మిగిలిన మంచి తోలంతా పోగేసి, మైనం పట్టించిన దారంతో పది రోజులు కూర్చుని నన్ను కుట్టాడు. 1958 ఆగస్టులో ఆయన కొడుకు క్లిఫ్ 'క్రాస్‌లో టౌన్' అనే ఫుట్‌బాల్ జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌గా చేరాడు. గోల్ కొట్టడమే ఆ స్థానంలో ఆడేవాడి పని. అప్పటికి క్లిఫ్‌కి పంతొమ్మిదేళ్లు.

"కుట్టు ఎక్కడైనా విడిపోతే పట్టుకురా," అన్నాడు తండ్రి నన్ను అతని చేతిలో పెట్టి. కొడుకుని మెచ్చుకోవడం ఆయనకు అంతకంటే చేతకాలేదు.

ఇరవై వేలమంది ఎగబడి చూసిన ఆటల్లో నేను ఒక్కటి కూడా చూడలేదు. డ్రెస్సింగ్ రూమ్‌లో కొక్కేనికి వేలాడుతూ గోడ అవతలి నుంచి విన్నాను, అంతే. గోల్ పడితే పైకప్పు సున్నం నామీద రాలేది. తప్పిపోతే వేల గొంతులు ఒక్కసారిగా ఉసూరుమనేవి. ఒక శనివారం క్లిఫ్ పేరు పెట్టి పాట పాడిన గొంతులే మరుసటి శనివారం అతన్ని బండబూతులు తిట్టేవి. నాకైతే గొంతుల్లో తేడా తెలిసేది కాదు.

నాలుగేళ్లలో డెబ్బై ఒక్క గోల్స్ కొట్టాడు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసే మోరీన్‌ని పెళ్లి చేసుకున్నాడు. జాతీయ జట్టుకి పిలుస్తారని పత్రికలు రాశాయి. అతను నన్ను భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ నడిచిన రోజులవి.

1962 మార్చిలో, వాన పడుతున్న ఒక శనివారం, హార్త్‌బ్రిజ్ జట్టు మా ఊరొచ్చింది. ఆట సగం దాటాక గోడ అవతల పెద్ద కేక లేచింది. గోల్! సున్నం రాలింది. కానీ ఆ కేక సగంలో ఆగిపోయింది. అంతమంది ఒక్కసారిగా మౌనం వహించడం నేను వినడం అదే మొదలు.

ఆట ముగిశాక క్లిఫ్ వచ్చి బల్లమీద కూర్చున్నాడు. బూట్ల తాళ్లు విప్పలేదు. బంతికోసం అతని కాళ్లమీదికి దూకిన హార్త్‌బ్రిజ్ గోల్‌కీపర్ గోర్డన్ డంకర్లీ తలకి క్లిఫ్ మోకాలు తగిలింది. గోర్డన్‌కి ఇరవై రెండేళ్లు.

"నీ తప్పేం లేదురా. రిఫరీ కూడా విజిల్ వెయ్యలేదు," అన్నాడు మేనేజర్.

"కదలట్లేదు సార్ అతను," అన్నాడు క్లిఫ్.

గోర్డన్ బతికాడు. మళ్లీ ఆడలేదు. క్లిఫ్ రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లాడు. వార్డు గుమ్మం దగ్గర గోర్డన్ తల్లి, "ఎవర్నీ గుర్తుపట్టడం లేదు నాయనా, వెళ్లిరా," అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని క్లిఫ్ దారి పొడుగునా అనుకున్నాడు. ఆ వారమే గోర్డన్‌కి ఉత్తరం ఒకటి రాశాడు. పోస్టు చెయ్యలేక నా లోపలి జేబులో పెట్టేశాడు.

ఆ తర్వాత గోల్స్ తగ్గాయి. మోకాలు దెబ్బతిన్నదని పత్రికలు రాశాయి. మేనేజర్ అడిగితే "అవును, మోకాలే" అనేవాడు. అసలు సంగతి వంటింట్లో మోరీన్‌తో చెబుతుంటే కుర్చీ కింద ఉన్న నేను విన్నాను.

"కీపర్ ముందుకొస్తే నాకు బంతి కనబడదు మోరీన్. తల కనబడుతుంది. అరడుగు ముందే ఆగిపోతాను. ఆ అరడుగులోనే గోల్ పోతుంది."

"అయితే మానెయ్యి."

"మానేసి ఏం చెయ్యను? నాకు వచ్చింది ఇదొక్కటే."

క్రాస్‌లో టౌన్ జట్టు అతన్ని ఇంకో జట్టుకి అమ్మేసింది. మనుషులు మనుషుల్ని కొంటారని, అమ్ముతారని, దానికి కరచాలనాలు కూడా చేసుకుంటారని నేను అప్పుడే తెలుసుకున్నాను. తొమ్మిదేళ్లలో నాలుగు జట్లు మారాం. ఒక్కొక్కటీ ముందుదానికంటే చిన్నది. మొదటి రెండు ఊళ్లకీ మోరీన్ వచ్చింది. తర్వాత కూతురి బడికోసం ఆగిపోయింది. ఆదివారాలు అద్దెగదిలో క్లిఫ్, నేను మిగిలేవాళ్లం. ఇంటి యజమానురాలు టీ పెట్టి తలుపు దగ్గరే వదిలి వెళ్లేది. అతను నన్ను ఒళ్లో పెట్టుకుని తోలుకి నూనె రాస్తూ మధ్యాహ్నమంతా గడిపేవాడు. రేడియో ఉండేది, పెట్టేవాడు కాదు. కుట్టు ఒకచోట విడిపోయింది, కానీ అప్పటికి తండ్రి హెరాల్డ్ లేడు. క్లిఫ్ తనే వంకరటింకరగా కుట్టుకున్నాడు.

1971లో ఆరువందలమంది ముందు ఆఖరి ఆట ఆడాడు. గోడ అవతల పెద్ద చప్పుడేమీ లేదు. ఆ తర్వాత బస్సు డిపోలో స్టోర్‌కీపర్‌గా చేరాడు. నేను అటకెక్కాను.

పదమూడేళ్ల తర్వాత మోరీన్ అటక సర్దుతూ నన్ను దులిపింది. ఉత్తరం కిందపడింది. చదివి, కిందికి దిగి అతని ముందు పెట్టింది.

"ఇరవై రెండేళ్లు దాచావా దీన్ని?"

"ఇప్పుడు పోస్టు చేస్తే బాగుండదు."

"అయితే నువ్వే పట్టుకెళ్లు."

నన్ను భుజాన వేసుకుని హార్త్‌బ్రిజ్ రైలెక్కాడు. ఊరి చివర కూరగాయల మడిలో, రేకుల షెడ్డు ముందు, గోర్డన్ ఉల్లినారు నాటుతున్నాడు. మాట కొంచెం నెమ్మది. ఎడమచెయ్యి కొద్దిగా వణుకుతోంది.

"క్లిఫ్ బార్డ్స్‌లీ కదూ? ఫోటోలో చూశాను. కూర్చో."

క్లిఫ్ ఉత్తరం తియ్యబోయాడు. గోర్డన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చదవడం నాకు కష్టం. నోటితో చెప్పు. ఆరోజు పొద్దున గుడ్లు తిన్నాను, అక్కడిదాకా గుర్తుంది. గోల్ పడిందని తెలుసు. ఎలా పడిందో ఎవరూ చెప్పరు. నా ముందు ఆ మాటే ఎత్తరు."

క్లిఫ్ చెప్పాడు. బంతి కుడివైపు నుంచి వచ్చింది. బురదలో ఒకసారి ఎగిరింది. ఇద్దరూ ఒకేసారి చూశారు. అతని బూటు చివర తగిలింది. అంతా చెప్పి, నేలకేసి చూస్తూ, "నేను ఆగి ఉండొచ్చు," అన్నాడు.

"బంతి అక్కడుంటే ఎవడాగుతాడయ్యా? ఆగితే నువ్వు సెంటర్ ఫార్వర్డ్‌వేంటి?"

"ఆ తర్వాత తొమ్మిదేళ్లూ ఆగాను."

గోర్డన్ చేతిలోని ఉల్లినారు పక్కన పెట్టాడు. చేతికంటిన మట్టిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అది మాత్రం నాకు బాధగా ఉంది," అన్నాడు చివరికి.

ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగారు. లేచేముందు గోర్డన్ నన్ను తడిమి, "మంచి సంచి. విత్తన దుంపలకి బాగుంటుంది," అన్నాడు. "ఉంచుకో," అన్నాడు క్లిఫ్. ఇరవై ఆరేళ్ల నా ఉద్యోగం ఒక్క మాటతో మారిపోయింది. నన్నెవరూ అడగలేదు. ఉత్తరాన్ని మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని, చేతులూపుకుంటూ, అతను స్టేషన్ వైపు వెళ్లాడు.

మళ్లీ వస్తానన్నాడు. రాలేదు. క్రిస్మస్‌కి కార్డులు వస్తుంటాయని గోర్డన్ పక్క మడి ఆయనతో అంటుంటే విన్నాను.

ఎన్ని వసంతాలు గడిచాయో లెక్కలేదు. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం గోర్డన్ పేపరు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, వేలు పెట్టుకుంటూ నాలుగు లైన్లు చదివాడు. క్లిఫ్ బార్డ్స్‌లీ, ఐదు జట్లు, నూట పన్నెండు గోల్స్. జాతీయ జట్టుకి ఎన్నడూ ఎంపిక కాలేదు. కొంతకాలంగా అనారోగ్యంతో ఉండి కన్నుమూశాడు.

పేపరు మడిచాడు. షెడ్డులో మరెవరూ లేరు. అయినా ఎవరికో చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. బంతి ఎడమవైపు నుంచి వచ్చిందట. బురదలో ఒకసారి ఎగిరిందట. ఇద్దరం ఒకేసారి చూశామన్నాడు.

కుడివైపు నుంచని క్లిఫ్ చెప్పాడు. నేను విన్నాను. గోర్డన్ మాత్రం మళ్లీ మొదటినుంచి, ఎడమవైపు నుంచే చెప్పుకుంటూ పోయాడు. అది ఎటునుంచి వచ్చిందో నోరున్నవాళ్లలో తెలిసినవాళ్లెవరూ అక్కడ లేరు.