ఓనరు వయసు అరవై నాలుగు

అరవై నాలుగా, అరవై ఐదా, పోయినవాళ్ల వయసు పోయిన రోజు దగ్గరే ఆగిపోతుందా, లేక ఇన్సూరెన్సు కంపెనీవాళ్ల కంప్యూటర్లో ఏటా ఒకటి చొప్పున పెరుగుతూనే ఉంటుందా, ఈ అనుమానం భీమన్న సారుకు బీచుపల్లి వంతెన మీద వచ్చింది, కింద కృష్ణ నిండుగానే పారుతున్నట్టుంది, సారు చూడలేదు, బండి నడిపేటప్పుడు ఆయన పక్కచూపులు చూడడు, నీళ్లెన్ని ఉన్నాయో చూసి చెప్పడం భార్య చంద్రమ్మ పని, ఓ సారూ, ఈసారి రాళ్లన్నీ మునిగినయి చూడు, అనేది, నేను చూస్తే ఇద్దరం మునుగుతం, అనేవాడు ఆయన, ఆ మాటను ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేది, ఇప్పుడు ఎడమ సీట్లో ఆమె లేదు, కూతురు అఖిలకు తీసుకుపోతున్న సీతాఫలాల సంచి ఉంది, సంచికి సీటు బెల్టు పెట్టాడు, పెట్టకపోతే బండి కీచుకీచుమని అరుస్తుంది, బరువు ఉంటే మనిషి ఉన్నట్టే అనుకుంటుంది, బండికేం తెలుసు, కంప్యూటరుకు మాత్రం ఏం తెలుసు, చెప్తే కదా తెలిసేది, ఆ మాటే పొద్దున శ్రవణ్ కుమార్ కూడా అన్నాడు, మనం చెప్తెనే గద సార్ వాళ్లకు తెలిసేది.

గద్వాల కొత్త బస్టాండు పక్కన జిరాక్సు మిషనూ ఇన్సూరెన్సు బోర్డూ ఒకే కొట్లో పెట్టుకున్నాడు శ్రవణ్, పదో తరగతిలో సారు దగ్గరే తెలుగు చదివాడు, కారు ఇన్సూరెన్సు ఈ రాత్రితో అయిపోతుంది, మళ్లీ కడదామని సారు పోయాడు, రెండు నెలల కిందట ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్పాలి కదా అని గొంతు సవరించుకున్నాడు, మాట బయటికి రాలేదు, మేడం సంగతి తెల్సు సార్, అని శ్రవణే అందుకుని, కుర్చీ దగ్గరికి జరిపి, జర సమజ్ చేస్కోండ్రి, అన్నాడు, బండి మేడం పేరు మీదున్నది, ఉండనియ్యుండ్రి, మీ పేరు మీదికి మారిస్తె మీకు డెబ్బై ఒకటి, మా కంపెనీల డెబ్బై దాటినోళ్లకు రేటు వేరే, డాక్టరు కాయిదం అడుగుతరు, కండ్లెట్లున్నయ్ అంటరు, షుగరెంత అంటరు, నిరుడు కట్టిన దాని మీద ఇంకో సగం పడ్తది, మేడం పేరైతె ఓనరు వయసు అరవై నాలుగు, ఆరేండ్ల సంది ఒక్క క్లెయిమ్ లేదు, బంగారమసొంటి ఓనరు సార్, మేడం ఫోనుకు ఒక నంబరొస్తది, గది నాకు చెప్పుండ్రి, ఖతం, ఇగ ఏడాది దాంక పరేషాన్ లేదు.

బంగారమసొంటి ఓనరు, నిజమే, ఆమె స్టీరింగు ఒక్కసారైనా ముట్టుకోలేదు, మానవపాడు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నది, షోరూములో తాళం చేతికిస్తే సారు వైపు తిరిగి, బండి నాది, నువ్వు డ్రైవర్వి, జీతం లేదు, బువ్వ మాత్రం పెడ్త, అన్నది, అమ్మిన పిల్లగాళ్లంతా నవ్వారు, ఆరేళ్లు ఆయనే నడిపాడు, గీత కూడా పడకుండా నడిపాడు, ఆ మంచిపేరంతా ఆమె లెక్కలో పడింది, ఇప్పుడు నడపనివారి వయసుకు రేటు తక్కువ, నడిపేవాడి వయసుకు ఎక్కువ, లేనివారు భద్రం, ఉన్నవాడు ప్రమాదం, ఇదెక్కడి లెక్క, లేక ఇదే సరైన లెక్కా, ఎంత తిప్పి చూసినా ఆయనకు అంతుపట్టలేదు, తరగతిలో హాజరు పిలుస్తుంటే రాని దోస్తుల బదులు ప్రెజెంట్ సార్ అని గొంతు మార్చి పలికేది ఈ శ్రవణే, పట్టుకుని బెంచీ ఎక్కించాడు సారు ఎన్నిసార్లో, వాడేమో అప్పుడూ ఇప్పుడూ మంచికే చేశాననుకుంటాడు, రానివాడికి దెబ్బలు తప్పించడం, సారుకు ఖర్చు తప్పించడం, వాడిని తిట్టడానికి సారుకు నోరు రాలేదు, సరే అనడానికీ రాలేదు, చూస్త శ్రవణ్, అని మాత్రం అని బండెక్కాడు, చూస్త అంటే ఏమిటి, అది ఒప్పుకోవడమా కాదా, నలభై ఏళ్లు పిల్లలకు మాట స్పష్టంగా చెప్పండిరా అని చెప్పిన మనిషి.

వంతెన అయిపోయింది, పెబ్బేరు దగ్గర పడింది, శనివారం, సంత రోజు, ట్రాలీ ఆటోల నిండా పశువులు, హారన్లు, దుమ్ము, ఎడమపక్క ఏదో ఆటో ఉన్నట్టుంది, మెడ అంత తిరగదు, ఇదివరకు తిప్పే పని లేదు, ఎడమ అద్దం చంద్రమ్మే, రా రా రా, ఆగు, ఇప్పుడు పో, అనేది, కూతురు అదే అంటుంది, అమ్మ ఉన్నన్ని రోజులు అమ్మ నడిపింది నాన్నా, నువ్వు స్టీరింగు తిప్పినవ్ అంతే, ఇగ చాలు, అమ్మేయ్, నాగర్‌కర్నూలుకు బస్సులు లేవా, వారం వారం నా పానం గుబగుబలాడుతున్నది నీకోసం, అంటుంది, బస్సులు లేక కాదు, అఖిలకు ఎట్లా చెప్పాలి, ఇంట్లో చంద్రమ్మ గొంతు వినిపించదు, వంటింట్లోనూ లేదు, ఆమె మంచం పక్కనా లేదు, చిత్రంగా బండిలో వినిపిస్తుంది, గేరు మార్చినప్పుడు, మలుపు తిప్పినప్పుడు, ఎదురుగా గేదె కనపడ్డప్పుడు, ఇది చెప్తే అఖిల వెంటనే బయల్దేరి వస్తుంది, డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంది, అందుకే అఖిలకు చెప్పలేదు, శ్రవణ్‌కు చెప్పలేదు, బండిని అమ్మను అని మాత్రం తేల్చి చెప్పాలి, అమ్మడం ఏమిటి, ఏం ఆలోచిస్తున్నాడు తను.

చంద్రమ్మ ఫోను మోగింది, ముందున్న అరలో ఉంది, బ్యాంకువాళ్ల మెసేజులు వస్తాయని చార్జింగు పెడుతూనే ఉన్నాడు, అదొక్కటే కారణమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడో, బండి పక్కకు తీసి ఆపాడు, నడుపుతూ ఫోను చూసే అలవాటు లేదు, ప్రియమైన చంద్రమ్మ గారూ అని మొదలైంది మెసేజు, తెలుగులోనే, మీ వాహన బీమా నవీకరణకు సంఖ్య, కింద ఆరు అంకెలు, కాసేపే పనికొస్తుంది ఇది, ప్రియమైన అని చివరిసారి ఎవరు పిలిచారు ఆమెను, తనైతే పిలవలేదు, ఓయ్ అనేవాడు, ఏమే అనేవాడు, ఎవరో ముక్కూమొహం తెలియని కంపెనీ పిలుస్తోంది, చంద్రమ్మ గారూ, మీరు ఇంకో ఏడాది ఓనరే, అంకెలు ఒక్కసారి చూశాడో లేదో తలకెక్కాయి, పాఠం చెప్పిన బుర్ర, వద్దన్నా పట్టుకుంటుంది, శ్రవణ్‌కు ఫోను చేయాలా, వనపర్తి పోయాక చేద్దామా, అప్పటికి ఆ సంఖ్య చెల్లదు, చెల్లకపోతే ఇంకోటి పంపమంటాడు, కడితే ఏం పోతుంది, ఎవరిని ముంచుతున్నాం, కంపెనీకి డబ్బు తగ్గుతుందని కదా ఇదంతా, కంపెనీ ఏమన్నా బీదదా, ఆమె పేరు అట్లా ఉంటుంది, అంతే, ఒక్కచోటైనా ఉంటుంది, అఖిల కాగితాలిస్తే రేషను కార్డులోంచి తీశారు, ఓటరు జాబితాలోంచి తీశారు, పింఛను ఆపేశారు, ఒక్కటి, ఈ ఒక్కటి ఉండనియ్యకూడదా, బండి మళ్లీ కదిలింది, వనపర్తి రోడ్డెక్కింది, తలలో ఆరు అంకెలు పిల్లలు ఎక్కం చదివినట్టు ఒకటే చదువుకుంటున్నాయి, ఉండనీ, ఉండనీ, ఏమవుతుంది, ఏమీ కాదు, ఎడమపక్క బండ్లబాటలోంచి ఏదో తెల్లగా కదిలింది, పత్తి అనుకున్నాడు, పత్తి నడుస్తుందా అనుకున్నాడు, అనుకునేసరికి గొర్రెల మంద రోడ్డు మీద ఉంది, కాలు బ్రేకు మీదికి పోయింది, పోవాల్సినంత తొందరగా పోలేదు, తన కాలు వెళ్తుండటం తనే చూస్తున్నట్టు అనిపించింది, బండి కీచుమంటూ ఆగింది, సీతాఫలాలు బెల్టు కిందినుంచి జారి కాళ్ల దగ్గర దొర్లాయి.

బానెట్టు మీద ఒక చెయ్యి ఉంది, చేతి వెనక తలపాగా, భుజాన గొంగడి, చంకలో ఇవాళో నిన్నో పుట్టిన గొర్రెపిల్ల, సారు వయసుకు ఓ పదేళ్లు చిన్న ఉంటాడేమో గొల్లాయన, బండినే తను ఆపినట్టు చెయ్యి తీయకుండా నిలబడ్డాడు, కండ్లు యాడ వెట్టినవ్ పెద్దమనిషీ, అని అరిచాడు, సారు అద్దం దించాడు, తప్పయింది, తగిలిందా, అన్నాడు, నాకేం తగల్లే, నీ బండికే నా చెయ్యి తగిలింది, అన్నాడాయన, జర అటైతే గొర్లు సంతకు వోతుండె, నేను దవాఖానకు వోతుంటి, మా ఇంటిది మొదలు గొర్లను లెక్కవెడ్తుండె, అటెనక నా దగ్గర్కొస్తుండె, సారుకు నవ్వు రాలేదు, నీళ్లు తాగుతావా అని సీసా అందించాడు, నువ్వే తాగు సారూ, మొఖం తెల్లగైంది, అని గొల్లాయన మందను అదిలించాడు, ఉష్ ఉష్, పోతూ పోతూ ఒక గొర్రె చెవి పట్టి చూపించాడు, చెవికి పసుపుపచ్చ బిళ్ల, సర్కారిచ్చిన గొర్రె, సూడు, దీనికి ఇన్సూరెన్సున్నది, సస్తె బిళ్ల చూపెడ్తె పైసలొస్తయ్, నా చెవ్వుకు బిళ్ల లేదు, నన్ను జర సూస్కోని పో.

గొర్రెలు పోతూనే ఉన్నాయి, సారు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు, ఆ చెయ్యి ఇంకొక్క అడుగు ఇవతల ఉంటే, ఉంటే ఏమయ్యేది, ఇవాళ పర్వాలేదు, ఇవాళ్టి దాకా ఇన్సూరెన్సు కాగితం ఉంది, ఉందా, ఓనరు పోయిన ఈ రెండు నెలలుగా నిజంగా ఉందా, రేపైతే, రేపు ఆ గొంగడి కింద కాలు విరిగి పడి ఉంటే, ఎవరి బండి అంటారు, చంద్రమ్మది, చంద్రమ్మ ఏది, లేదు, ఎప్పటినుంచి లేదు, మీరు కట్టకముందునుంచే లేదు, మరి ఆరు అంకెలు చెప్పిందెవరు, కంపెనీ చేతులు దులుపుకుంటుంది, గొల్లాయన ఇంటిది గొర్రెలను వదిలి కోర్టు మెట్ల మీద కూర్చుంటుంది, చనిపోయిన మనిషి మీద దావా వేసి, ఇంతసేపూ ఈ బేరంలో ముగ్గురే ఉన్నారనుకున్నాడు సారు, కంపెనీ, తను, చంద్రమ్మ, ఎవరిని ముంచుతున్నాం అని తనను తనే అడిగి ఎవరినీ కాదని జవాబు చెప్పుకున్నాడు, జవాబు చెప్పుకుంటూనే గొల్లాయన మీదికి బండి పోనిచ్చాడు, వయసుకు రేటు అంటే తన ముసలితనాన్ని వెక్కిరించడం అనుకున్నాడు పొద్దున, కాలు ఆలస్యంగా పోయింది కదా, చూశాడు కదా, అది నిజమే కదా, ఆ ఆలస్యానికి ఎవరో ఒకరు కట్టాలి, తను కట్టకపోతే ఆ చెయ్యి కట్టాలి.

తన ఫోను తీసి శ్రవణ్‌కు చేశాడు, నంబరొచ్చిందా సార్, జల్ది చెప్పుండ్రి, అన్నాడు వాడు, చెప్పను శ్రవణ్, అన్నాడు సారు, చంద్రమ్మ చనిపోయింది, మాట వచ్చేసింది, ఈ రెండు నెలల్లో ఆ మాట ఆయన నోటినుంచి రావడం అదే మొదలు, అఖిలకు కూడా, అమ్మకు బాగలేదు రా, అని మాత్రమే చెప్పాడు ఆ రోజు, నాకు తెల్సు గద సార్, అన్నాడు శ్రవణ్ మెల్లగా, నీకు కాదు, కంపెనీకి చెప్పు, ఓనరు చనిపోయిందని రాయి, నా పేరు పెట్టు, డెబ్బై ఒకటని రాయి, డాక్టరును చూస్త, కండ్లు సూపెట్టుకుంట, వద్దంటే బండి నడపను, అన్నాడు సారు, ఇయ్యాల కాదు సార్ గది, దినాలు వడ్తది, అందాంక బండెట్ల, అన్నాడు శ్రవణ్, అఖిల ఇంటి ముందర నిలబెడ్త, బస్సుకు వస్త, రేపు మీ కొట్టుకాడికే వస్త, అఖిల తీసిచ్చిన మరణ ధ్రువపత్రం ఇంకోటి నా దగ్గరున్నది, మడత కూడా విప్పలేదు, తెస్త.

ఫోను పెట్టేశాడు, ఆఖరి గొర్రె కూడా దాటింది, రోడ్డు ఖాళీగా ఉంది, సారు వెంటనే కదలలేదు, గొల్లాయన పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది, కుడి అద్దంలో వెనక్కి చూశాడు, దుమ్ములో తలపాగా ఒక్కటే కనపడుతోంది, పిలిచి అడగొచ్చు, అడిగి ఏం చేస్తాడు, రేపు ఈ తోవన అడ్డం వచ్చేది ఆయన కాదు, ఇంకెవరో, ఎవరో తెలియదు, తెలియని ఆ మనిషి కోసమే ఇన్నేళ్లూ తనూ చంద్రమ్మా ఇన్సూరెన్సు కట్టారు, అది తమ బండి కోసమనుకున్నారు.