నాలుగున్నర అంగుళాల గోడ

శత్రువు ఏడాదిగా కోట చేసుకుని కూర్చున్న మా ఊళ్లోకి మేం వీధుల్లోంచి రాలేదు, వంటిళ్లలోంచి వచ్చాం. వీధిలో తల బయటపెడితే మిషన్ గన్ ఊరుకోదు. అందుకని ఇంటి గోడకు మందు పెట్టి పేల్చడం, కన్నంలోంచి పక్కింట్లోకి దూరడం. సైన్యంలోకి రాకముందు నేను తాపీమేస్త్రీని. కట్టిన చేతులతోనే కూల్చడం నా ఖర్మ.

మూడో రోజు మధ్యాహ్నానికి ఏడో ఇల్లు చేరాం. ఎనిమిదోది మా అక్కది. మధ్య గోడకు మందు పెట్టమన్నాడు కెప్టెన్.

కాల్పులు మొదలైతే జనం వీధికి దూరంగా ఉండే గదిలో దాక్కుంటారు. అక్క ఇంట్లో ఆ గది ఈ గోడ అవతలి వంటిల్లే.

"సార్, మా అక్కావాళ్లు అవతలే ఉంటారు. చేత్తో తీస్తాను."

"తొమ్మిదంగుళాల గోడ. నువ్వు తీసేసరికి తెల్లారుతుంది."

"నాలుగున్నరే సార్. నేనే కట్టాను."

నిజమే. అక్క ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు తక్కువపడితే, ఇంకో లోడు వచ్చేదాకా ఆగే ఓపిక లేక సన్నగా లేపేసి, బావకు తొమ్మిదని చెప్పాను. ఆయన క్యాలెండర్‌కు ఆరంగుళాల మేకు కొడితే అది పక్కింట్లో తేలింది. దాంతో నా బండారం బయటపడింది. నాలుగేళ్లుగా బావ నాతో మాట్లాడలేదు, నన్ను గడప తొక్కనివ్వలేదు.

"పది నిమిషాలు," అన్నాడు కెప్టెన్.

ఇటుకల సందులో ఉలి పెట్టి కొట్టాను. సిమెంటు కూడా తక్కువే కలిపినట్టున్నాను, పొడిపొడిగా రాలింది. నా పనితనాన్ని జన్మలో మొదటిసారి మెచ్చుకున్నాను. ఆరో నిమిషంలో ఒక ఇటుక వచ్చింది. మావాళ్లు తుపాకులు ఎత్తారు. అవతల చీకటి.

"అక్కా, నేనే," అన్నాను. కన్నానికి చెవి ఆనించాను.

"మీ తమ్ముడి గోడేగా," అంది బావ గొంతు లోపల్నుంచి. "ఇన్నాళ్లు నిలబడటమే ఎక్కువ."

అక్క ఏడుస్తూ నవ్వింది. నేనూ అంతే.

"చూస్తావేం? మిగతావి కూడా తియ్యి. ముందు పిల్లనందుకో," అన్నాడు బావ.

కన్నంలోంచి మూడేళ్ల మేనకోడలు నా చేతుల్లోకి వచ్చింది. నేను దాన్ని చూడటం అదే మొదటిసారి.

"యుద్ధం అయ్యాక తొమ్మిదంగుళాలు కట్టిస్తాను బావా. ఒట్టు."

కన్నంలోంచి పాక్కుంటూ వస్తున్న బావ ఆగి, నా ముఖంలోకి చూశాడు.

"వద్దురా. ఇంతే కట్టు."