వెనక సగం

మెర్వ్ బాణాన్ని మధ్యలో పట్టుకుని మర మరోసారి బిగించాడు.

"అది తీశావేంట్రా?" అతని స్నేహితుడు క్లారీ గొంతు తగ్గించాడు. "అదొక్కటే మిగిలిందన్నావుగా!"

"నోర్ముయ్. టెస్సాకి తెలీదు. ఎల్వా దీన్ని ఎగరడానికి కట్టింది, గోడకి తగిలించడానికి కాదు."

టాస్మేనియా విలువిద్య పోటీలకి వెళ్ళే చిన్న విమానంలో పొడుగు బాణాలు పట్టవని మెర్వ్ అప్పట్లో వీటిని తయారుచేశాడు. మొన ఉన్న ముందు సగం, ఈకలున్న వెనక సగం, మధ్యలో ఇత్తడి మర. కర్ర పని అతనిది. పెద్దబాతు ఈకలు కోసి, అంటించి, పసుపు దారం చుట్టడం అతని భార్య ఎల్వాది.

ఎల్వా పోయాక ఆ మరే అతన్ని నిలబెట్టింది. ముందు సగం రాయికి తగిలి విరిగితే ఇంకోటి చెక్కేవాడు. ఎల్వా ఈకలకి బిగించేవాడు. మళ్ళీ వేసేవాడు. అయినా మా ఊరు స్టాన్‌థోర్ప్ వానలూ ముళ్ళపొదలూ వెనక సగాల్ని ఒక్కొక్కటే తినేశాయి.

వాగు అవతల గురిపెట్టే ఫోమ్ పంది బొమ్మ. క్లబ్బులో అందరికంటే పెద్దవాడు ముందు వేయాలి.

"ఇవాళ ఆఖర్న వెయ్యరాదూ?" అన్నాడు క్లారీ.

"నువ్వేమైనా నాకంటే ముసలోడివా? తప్పుకో."

నారి మోగింది. బాణం పంది భుజంలో దిగింది. గాలికి ఈకలు వణికాయి. మెర్వ్ కళ్ళు వాటిమీదే ఉన్నాయి.

క్లారీ బాణం పందిమీదుగా పోయి గడ్డిలో పడింది.

"అది పంది మావయ్యా, పిట్ట కాదు!" అంటూ మెర్వ్ కూతురు టెస్సా గీత దగ్గర నిలబడింది. లాగింది. వదిలింది.

టప్పున పగిలిన చప్పుడు.

అందరూ కేకలు. టెస్సా బాణం తండ్రి బాణం తోకలో దిగి, కర్రని ఇత్తడి మర దాకా చీల్చేసింది. ఈకలు చెరోపక్కకి వేలాడుతున్నాయి. బాణంలో బాణం! జన్మకోసారి పడే దెబ్బ. ఆ జంటని వేసినవాళ్ళ పేరుతో క్లబ్బు షెడ్డు గోడకి కొట్టడం మా ఆనవాయితీ. చీలిన బాణం ఎవరిదో వాళ్ళే దాన్ని చీల్చినవాళ్ళ చేతికివ్వాలి.

టెస్సా గంతులేస్తూ వాగు దాటింది. పసుపు దారం చూసి ఆగిపోయింది.

"నాన్నా... ఇది అమ్మది."

క్లారీ నోరు తెరిచాడు. మెర్వ్ అతని కాలు గట్టిగా తొక్కాడు.

"అయితే ఏంటే? ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి. అమ్మ ఉంటే నాకంటే గట్టిగా అరిచేది."

"నిజంగా?"

"తండ్రి బాణం చీల్చి పైగా అనుమానాలా? ఇలా రా."

అతని వేళ్ళు మర తిప్పాయి. వెనక సగం టెస్సా బాణంతో సహా ఊడొచ్చింది. వేలాడే ఈకని ఒకసారి బొటనవేలితో సరిచేసి, కూతురి చేతిలో పెట్టాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

షెడ్డులో సుత్తి మోగుతుంటే టెస్సా అరిచింది. "నాన్నా, వచ్చేసారి అమ్మ బాణం ఒకటి నాకివ్వాలి. నేనూ వేస్తాను!"

"వెతికి పెడతాలే."

క్లారీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. మెర్వ్ పందిలోంచి ముందు సగాన్ని లాగి, మట్టి తుడిచాడు. చలికాలమంతా కూర్చుని చెక్కిన కొత్త ముందు సగాలు సంచిలో ఉన్నాయి. దీన్నీ వాటితోపాటు పెట్టి, మూతి కట్టేశాడు.