ఎర్రమట్టి పట్టిన కందులు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. యాభై ఐదేళ్లు దాటాక అక్షరాలు దిద్దిన చేయి ఇది. ఒక పేజీ నిండడానికి రెండు పూటలు పడుతుంది. ఫరవాలేదు, నా దరఖాస్తు చదవడానికి ఆఫీసువాళ్లకు పట్టినంత కాలం నాకు పట్టదు.

మాది బషీరాబాద్ వైపు. మా ఆయన బాలప్ప గొర్రెలు కాచేవాడు. ఆయన పోయాక గొర్రెలు అమ్మి, తాండూరు వచ్చి రెండు విసుర్రాళ్లు పెట్టుకున్నాను. పక్కింటి షాహజాది, నేను చెరో రాయి దగ్గర కూర్చుని కందిపప్పు విసిరి అమ్ముతాం. గిరాకీకి లోటు లేదు, నీడకే లోటు. కందులు ఎండేసిన రోజు మబ్బు కనిపిస్తే ఇద్దరం టార్పాలిన్ పట్టుకొని ఉరకాలి. నిరుడు ఒక్క వానకు మూడు బస్తాలు మొలకెత్తాయి. చినుకు పడగానే లోపలికి లాగేసుకోవడానికి వానాకాలం లోపల ఒక రేకుల షెడ్డు పడకపోతే, ఇక ఈ పని మానుకోవడమే.

చిన్న వ్యాపారులకు షెడ్డు సాయం ఇస్తారని విని వికారాబాద్ ఆఫీసుకు పోయాను. ఏడుసార్లు రైలెక్కాను. ఒకసారి ఫోటో లేదన్నారు. ఇంకోసారి ఫోటోలో నవ్వానన్నారు. తర్వాత ఒక రోజంతా శిక్షణ. జన్మలో అగ్గిపెట్టె కూడా అమ్మని సారు తెర మీద బాణం గుర్తులు చూపిస్తూ, "గిరాకీ అంటే ఏందో తెలుసా పెద్దమ్మా?" అని అడిగాడు.

"పప్పు ఒడిసినంక గూడ తలుపు గొట్టేది సారూ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన మాత్రం రాసుకున్నాడు.

ఏప్రిల్‌లో తనిఖీకి మల్లికార్జున్ అనే ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. ఆ రోజు వాకిలి నిండా ఎర్రమట్టి పట్టించిన కందులు ఉన్నాయి. మా అమ్మ, వాళ్ల అమ్మ చేసిన పద్ధతే ఇది. నానిన కందులకు మట్టి పట్టిస్తే పొట్టు వదులవుతుంది. ఎండాక జల్లెడ పడితే మట్టంతా రాలిపోతుంది. అప్పుడు విసిరితే గింజ నలగకుండా రెండు బద్దలవుతుంది. ఆయన అదంతా చూసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందమ్మా గిది? పప్పుల మట్టి గలుపుతున్నవా?"

"పప్పుల గాదు సారూ, కందులకు. ఎండినంక జల్లిస్తం. మట్టి వెట్టకుంటే పొట్టు ఊడది."

"గీ ఫోటో పంపితే మా పెద్ద సార్లు నన్ను తిడ్తరు. మంచిగ నీళ్లు వోసి కడుగు. సాఫ్‌గ కనవడాలె. ఫోటో తీస్కొని సంతకం వెట్టి పోత."

షాహజాది విసురు ఆపింది. "కందులకు తానమా సారూ? సబ్బు గూడ రుద్దాల్నా?"

"నువ్వెవరు?"

"రెండో రాయి."

నాకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాను. "ఇప్పుడు కడిగితే గివన్నీ ఖరాబైతయి సారూ" అన్నాను.

"కందులు మళ్ల దొరుకుతయి. షెడ్డు మళ్ల దొరకది" అని ఇంకో కాగితం తీశాడు. ఇకమీదట మట్టి వాడనని నేను రాసివ్వాలట.

దాచడమెందుకు, బకెట్ చేతిలోకి తీసుకున్నాను. షాహజాది నా వంక చూసి, మళ్లీ రాయి తిప్పడం మొదలుపెట్టింది. రెండడుగులు వేశాక ఆలోచన వచ్చింది. మట్టి వాడనని రాసిచ్చాక ఆ షెడ్డు కింద ఏం పెట్టుకోవాలి? ఆఫీసు వాళ్ల ఫోటోలా? బకెట్ దించేశాను.

"సారూ, మీ ఇంట్ల ఏ పప్పు వండుతరు?"

"తాండూరు పప్పే. మా ఇంటామె ఇంకోటి ముట్టది."

"గట్లయితే ఆమెకు జెప్పుర్రి, ఇన్నేండ్ల సంది మట్టి దింటున్నరని."

ఆయన కాగితాలు సంచిలో కుక్కుకొని బండెక్కాడు. అది మూడో తన్నుకు గాని స్టార్ట్ కాలేదు. అంతసేపూ షాహజాది రాయి విసురుతూనే ఉంది, కావాలని గట్టిగా.

రోహిణి కార్తెలోనే వాన వచ్చింది. షాహజాది పెనిమిటి మొహియుద్దీన్‌కు బండలు పాలిష్ పట్టే చిన్న షెడ్డు ఉంది. ఆయన పొద్దున్నే బండలన్నీ బయటికి మోసి సగం జాగా ఖాళీ చేశాడు.

"బండలు తడిస్తే ఏమైతదక్కా, ఇంకింత మెరుస్తయి. కందులు లోపట వెట్టుర్రి" అన్నాడు.

ఫోటో అడగలేదు. గిరాకీ అంటే ఏమిటో చెప్పలేదు. సాయం చేయడానికి ఆయనకు పట్టింది ఒక పూట.

జూలైలో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నా దరఖాస్తు మూసేశారట. కారణం అన్న చోట "దరఖాస్తుదారుకు ఆసక్తి లేదు" అని రాశారు. అన్ని నెలల్లో వాళ్లు రాసిన నిజం అదొక్కటే. అప్పటికి నిజంగానే లేదు.

కాశమ్మ, అరవై మూడేళ్లు.
ఇప్పుడు ఉండేది తాండూరులో, మొహియుద్దీన్ బండల షెడ్డు వెనక సందులో.